బైక్ టైరుకి గాలి, నైట్రోజన్, వీల్ బ్యాలెన్సింగ్: మొదటి నుంచి చివరిదాకా

చాలామందికి టైరులో గాలి గుర్తొచ్చేది రెండే సందర్భాల్లో. ఒకటి పంక్చర్ పడ్డప్పుడు, రెండోది గాలి మిషన్ దగ్గర లైన్ లేనప్పుడు. నైట్రోజన్ మంచిదా మామూలు గాలి మంచిదా అని గంటలకొద్దీ వాదించేవాళ్లని కూడా, ఇప్పుడు మీ వెనక టైరులో ప్రెజర్ ఎంతుంది అని అడిగి చూడండి, ఠక్కున చెప్పేవాళ్లు తక్కువ. నా లెక్కలో వరుస ఇది: ముందు సరైన ప్రెజర్, తర్వాత చక్రం బ్యాలెన్స్ (చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా చూడటం), ఆ రెండూ కుదిరాక ఇంకా ఓపిక ఉంటే నైట్రోజన్. ఈ వరుస తిరగేసి మొదలుపెడితే డబ్బు, టైమ్ రెండూ పోతాయి, బండి మాత్రం ఎప్పటిలాగే వణుకుతుంది.

ఎంత కొట్టాలి, ఎక్కడ చూసి కొట్టాలి

టైరు పక్కగోడ మీద అచ్చేసిన పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే ప్రెజర్ కొలత) అంకె చూసి అంత కొట్టించేవాళ్లున్నారు. అది ఆ టైరు గరిష్ఠ బరువు మోసేటప్పుడు ఉండాల్సిన ప్రెజర్, మీ బండికి కావాల్సింది కాదు. మీ బండికి ఎంతో చెప్పేది బైక్ తయారుచేసిన కంపెనీ. చైన్ కవర్ మీదో, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే కడ్డీ) మీదో చిన్న స్టిక్కర్ ఉంటుంది, అది చిరిగిపోతే మాన్యువల్‌లో ఉంటుంది. చిన్న బైకులకి ముందు 25, వెనక 28 నుంచి 33 దాకా, పెద్ద స్పోర్ట్స్ టూరింగ్ బైకులకి ముందు 36, వెనక 42 అని రాసి ఉండటం మామూలు. ఒక్కరే వెళ్తే ఒకటి, వెనక మనిషి కూర్చుంటే ఇంకొకటి అని రెండు అంకెలు కూడా ఉంటాయి, ఆ రెండోది కంపెనీవాళ్లు ఊరికే రాయలేదు.

కొన్ని గేజ్‌లు బార్లలో, కొన్ని కిలో పాస్కల్స్‌లో, కొన్ని చదరపు సెంటీమీటరుకి కిలోల్లో చూపిస్తాయి. 1 బార్ అంటే 100 కిలో పాస్కల్స్, అంటే 14.5 పీఎస్ఐ. చదరపు సెంటీమీటరుకి 1 కిలో అంటే 14.2 పీఎస్ఐ. ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి కంగారు పడక్కర్లేదు.

ఇక అసలు విషయం, ఆ స్టిక్కర్ మీద అంకె టైరు చల్లగా ఉన్నప్పటిది. చల్లగా అంటే ఫ్రిజ్‌లో పెట్టినట్టు కాదు, బండి కనీసం 3 గంటలు కదలకుండా, నీడలో ఉన్నాక అని. టైరు తిరుగుతున్నకొద్దీ రబ్బరు మడత పడుతూ విప్పుకుంటూ వేడెక్కుతుంది, లోపలి గాలి కూడా వేడెక్కి ప్రెజర్ పెరుగుతుంది. లెక్క కావాలంటే, చల్లగా ఉన్నప్పుడు గేజ్ 32 చూపించింది అనుకుందాం. బయటి వాతావరణ పీడనం 14.7 కలిపితే అసలు పీడనం 46.7. గాలి 27 డిగ్రీల నుంచి 57 డిగ్రీలకి వేడెక్కితే (300 కెల్విన్ నుంచి 330 కెల్విన్‌కి, అంటే పదో వంతు) పీడనం కూడా పదో వంతు పెరిగి 51.4 అవుతుంది, గేజ్ మీద 36.7 చూపిస్తుంది. గాలి ఎవరూ కొట్టలేదు, దాదాపు 5 పీఎస్ఐ పెరిగింది. ఇది చూసి ఎక్కువైందని గాలి వదిలేశారంటే, మర్నాడు పొద్దునకి టైరు 28 దగ్గర ఉంటుంది. కంపెనీవాళ్లు ఈ పెరుగుదలని ముందే లెక్కలో వేసుకుని ఆ అంకె ఇచ్చారు. అందుకే వేడి టైరులోంచి గాలి వదలొద్దు.

మరి గాలి మిషన్ ఇంటికి దూరంగా ఉంటే? అక్కడికి వెళ్లేసరికి టైరు వేడెక్కుతుంది కదా. దీనికి సులువైన పద్ధతి ఉంది. బయల్దేరే ముందు ఇంట్లో గేజ్ పెట్టి చూసుకోండి. 29 ఉండాల్సింది 26 ఉందనుకోండి, 3 తక్కువ. అక్కడికి వెళ్లాక గేజ్ 28 చూపిస్తే 31 దాకా కొట్టండి, 30 చూపిస్తే 33 దాకా కొట్టండి. తక్కువైన 3 కలపడమే పని, అక్కడ కనిపించే అంకె ఎంతైనా సరే. కచ్చితంగా చెప్పాలంటే వేడిలో కలిపిన 3 చల్లారాక 3 కంటే కొంచెం తక్కువే అవుతుంది, కానీ ఆ తేడా మీ గేజ్ తప్పులో కలిసిపోతుంది.

గేజ్ అంటే గుర్తొచ్చింది. సొంత గేజ్ ఒకటి కొనుక్కోండి. డయల్ది గాని డిజిటల్ది గాని ఏదైనా పర్లేదు, పెన్నులా ఉండే పుల్ల గేజ్ మాత్రం నాకు నచ్చదు, 2 పీఎస్ఐ తేడాని దానిమీద చదవడం కష్టం. రోడ్డు పక్క మిషన్ గొట్టానికి ఉండే గేజ్‌ని నమ్మకండి, అది రోజంతా కింద పడుతూ లేస్తూ ఉంటుంది. మీ గేజ్ ఒక పీఎస్ఐ అటూ ఇటూ చూపించినా ప్రతిసారీ ఒకేలా చూపిస్తే చాలు, గాలి దిగుతోందా లేదా అన్నది తెలుస్తుంది.

గాలి కొట్టే పద్ధతి

పొద్దున్నే, బండి కదలకముందే చెయ్యండి. ఎండ ఒకవైపు పడే చోట బండి పెట్టి ఉంటే ఆ వైపు టైరు ఎక్కువ చూపిస్తుంది, నీడలోకి తోసి కాసేపాగండి.

వాల్వు మూత తీసి చుట్టూ మట్టి తుడవండి. ఆ మట్టి లోపలికి పోతే వాల్వ్ పిన్ను సరిగ్గా కూర్చోక గాలి మెల్లగా కారుతుంది, నెమ్మదిగా గాలి దిగే టైర్లలో కొన్నింటి జబ్బు ఇదే. పిన్నుని గోరుతోనో పుల్లతోనో ఒక్కసారి నొక్కి వదిలితే పైనున్న దుమ్ము ఎగిరిపోతుంది. గేజ్‌ని తిన్నగా, గట్టిగా ఆనించండి, బుస్సుమని శబ్దం వస్తూనే ఉంటే సరిగా పట్టనట్టే, మళ్లీ పెట్టండి.

కావాల్సినదానికంటే 2 పీఎస్ఐ ఎక్కువే కొట్టి, తర్వాత గేజ్ చూస్తూ కొంచెం కొంచెం వదులుతూ సరిచేసుకోవడం సులువు, గొట్టం పీకేటప్పుడు ఎలాగూ కొంత పోతుంది. అయ్యాక వాల్వు మొన మీద సబ్బునీళ్లు ఒక చుక్క వేసి చూడండి. బుడగ లేస్తే పిన్ను వదులైంది, చిన్న పిన్ను తాళంతో కొంచెం బిగిస్తే ఆగుతుంది, అప్పటికీ ఆగకపోతే పిన్ను మార్చేయండి. బలంగా బిగించొద్దు, అది సన్నటి ఇత్తడి ముక్క.

తర్వాత మూత. మూతని అలంకారం అనుకునేవాళ్లు చాలామంది. చక్రం జోరుగా తిరిగేటప్పుడు పిన్ను లోపలున్న స్ప్రింగు మీద బయటికి లాగే బలం పడుతుంది, దుమ్ము పట్టిన పిన్ను అయితే ఆ బలానికి కాస్త జరిగి గాలి వదలొచ్చు. లోపల రబ్బరు వాషర్ ఉన్న మూత పెడితే అది రెండో అడ్డుకట్ట. మూత చోట బిగించే ప్రెజర్ సెన్సర్లు వాడేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి: ఆ బరువు రబ్బరు వాల్వుని పక్కకి వంచుతుంది, పైగా చక్రం బ్యాలెన్స్ మారుస్తుంది. సెన్సర్ పెట్టుకోవాలంటే మెటల్ వాల్వు వేయించి, సెన్సర్ ఉండగానే బ్యాలెన్స్ చేయించండి.

వారానికోసారి ఇలా చూసుకుంటే సరిపోతుంది. ట్యూబ్ టైర్లకి ఇంకాస్త శ్రద్ధ కావాలి, ముఖ్యంగా సహజ రబ్బరు ట్యూబ్ అయితే బ్యూటైల్ (కృత్రిమ రబ్బరు) ట్యూబ్ కంటే త్వరగా గాలి వదులుతుంది, దానికి పంక్చర్ అక్కర్లేదు. ట్యూబ్ టైర్లలో ఇంకొకటి చూడాలి, వాల్వు రిమ్ముకి తిన్నగా నిలబడిందా లేక ఒకవైపు వాలిందా అని. వాలిందంటే గాలి తక్కువై టైరు, దాంతోపాటు ట్యూబ్ రిమ్ము మీద జరుగుతోందన్నమాట, అలాగే వదిలేస్తే ఒకరోజు వాల్వు మొదట్లో చిరిగి గాలంతా ఒక్కసారిగా పోతుంది. అందుకే వాల్వు మీద ఉండే చిన్న నట్టుని రిమ్ముకి బిగించకుండా పైకి, మూత వైపుకి తిప్పి పెట్టేవాళ్లున్నారు, జరిగితే కంటికి కనిపిస్తుందని. మంచి అలవాటే.

కొండదారుల్లో తిరిగేవాళ్లకి ఒక మాట. పైకి ఎక్కినకొద్దీ బయటి పీడనం తగ్గుతుంది కాబట్టి గేజ్ ఎక్కువ చూపిస్తుంది, సముద్రమట్టం నుంచి 2000 మీటర్లు ఎక్కితే దాదాపు 3 పీఎస్ఐ. కానీ పైన చలి ఎక్కువ, దానివల్ల ఇంచుమించు 2 తగ్గుతుంది. మిగిలేది ఒకటి. దాని గురించి టెన్షన్ వద్దు.

కొత్త టైరు వేసినప్పుడు

ట్యూబ్‌లెస్ టైరుని రిమ్ము మీద కూర్చోబెట్టడం మామూలుగా గాలి కొట్టడంకంటే కొంచెం వేరు. టైరు అంచు, అంటే బీడ్, రిమ్ము గాడిలోకి ఎక్కి కూర్చోవాలి. బీడ్‌కి, రిమ్ముకి సబ్బునీళ్లు గాని టైర్లకి అమ్మే లూబ్ గాని రాయండి, నూనె, గ్రీజు, పెట్రోలు మాత్రం వద్దు. నూనె ఆరదు, తర్వాత బ్రేక్ వేసినప్పుడల్లా టైరు రిమ్ము మీద జారుతుంది. వాల్వ్ పిన్ను తీసేసి కొడితే గాలి ఒక్క ఊపున లోపలికి పోయి బీడ్ త్వరగా ఎక్కుతుంది. ఒకవైపు టప్, ఇంకోవైపు టప్ అని రెండు శబ్దాలొస్తాయి. టైరు పక్కన, రిమ్ముని ఆనుకుని, సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంటుంది, అది రిమ్ము నుంచి అన్నిచోట్లా ఒకే దూరంలో కనిపిస్తే బీడ్ సరిగ్గా కూర్చుంది. ఎక్కడైనా లోపలికి పోయి ఉంటే గాలి మొత్తం తీసి, మళ్లీ సబ్బునీళ్లు రాసి మళ్లీ కొట్టండి. ఎక్కట్లేదని 50, 60 అని కొట్టుకుంటూ పోకండి, టైరు మీద బీడ్ కూర్చోబెట్టడానికి గరిష్ఠం ఎంతని రాసి ఉంటుంది, చాలా బైక్ టైర్ల మీద అది 40 పీఎస్ఐ, దాన్ని దాటితే బీడ్ తీగ తెగి చెయ్యి విరిగేంత ప్రమాదం. లైటర్ గ్యాస్ కొట్టి అగ్గిపుల్ల వేసే వీడియోలు కనిపిస్తాయి, చూసి నవ్వుకోవడానికి బాగుంటాయి, అంతవరకే.

బాణం గుర్తు చూడటం మర్చిపోకండి, టైరు ఏ వైపు తిరగాలో పక్కన ఉంటుంది. కొత్త టైరు వేసిన ప్రతిసారీ రబ్బరు వాల్వు కూడా కొత్తది వేయించండి. టైరు తయారైన తేదీ కూడా అప్పుడే చూసుకోవాలి: నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం.

నైట్రోజన్: ఏది నిజం, ఏది అతి

మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్, మిగిలింది ఎక్కువగా ఆర్గాన్. కాబట్టి నైట్రోజన్ కొట్టించడం అంటే ఆ 21 శాతాన్ని, దాంతోపాటు గాలిలోని తేమని బయట పెట్టడం. ఆ రెండింటివల్ల ఏం మారుతుంది అన్నదే ప్రశ్న.

మొదటిది, గాలి దిగే వేగం. రబ్బరు గోడ గుండా ఆక్సిజన్ నైట్రోజన్ కంటే త్వరగా జారిపోతుంది, ఇది నిజం. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2006-07లో 31 రకాల కారు టైర్లని ఏడాదిపాటు పరీక్షించింది. 30 పీఎస్ఐతో మొదలుపెడితే సంవత్సరం తర్వాత మామూలు గాలి నింపినవి సగటున 3.5, నైట్రోజన్ నింపినవి 2.2 పీఎస్ఐ తగ్గాయి. తేడా ఏడాదికి 1.3. అవి కారు టైర్లు, బైక్ టైర్లలో అంకెలు మారొచ్చు గాని దిశ అదే. వారానికోసారి గేజ్ పెట్టేవాడికి ఆ 1.3 కనిపించను కూడా కనిపించదు. నెలల తరబడి షెడ్డులో ఉండే బండికి మాత్రం ఉపయోగమే.

రెండోది, వేడికి ప్రెజర్ పెరగదు అంటారు. పైన వేసిన లెక్కలో వాయువు పేరు ఎక్కడా రాలేదు గమనించారా? ఆ ఒత్తిడిలో, ఆ వేడిలో నైట్రోజనైనా పొడి గాలైనా దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి. నైట్రోజన్ టైరు కూడా 32 నుంచి 36.7కే వెళ్తుంది. తేడా చేసేది తేమ. కంప్రెసర్ ట్యాంకులో అడుగున నీళ్లు చేరతాయి, రోజూ కింద ట్యాప్ తిప్పి వదలకపోతే ఆ నీళ్లు గాలితోపాటు టైరులోకి వస్తాయి. టైరు వేడెక్కితే ఆ నీరు ఆవిరై అదనంగా ప్రెజర్ పెంచుతుంది, పెరుగుదల ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. రేసుల్లో పొడి వాయువు కావాలనేది ఇందుకే, అక్కడ సగం పీఎస్ఐకి కూడా విలువుంటుంది. మీకు నైట్రోజన్ దొరక్కపోతే, తేమ తీసే ఫిల్టర్ ఉన్న కంప్రెసర్ గాలి కొట్టించుకున్నా ఈ లాభంలో ఎక్కువ భాగం వచ్చేస్తుంది.

మూడోది, తుప్పు. ట్యూబ్‌లెస్ అల్లాయ్ రిమ్ముకి ఇదో పెద్ద సమస్య కాదు. ఇనుప రిమ్ము ఉన్న ట్యూబ్ టైరులో నైట్రోజన్ ఉండేది ట్యూబ్ లోపల, రిమ్ముకి తగిలేది బయటి గాలే. ఇక బరువు తగ్గుతుందనే మాట కూడా వినిపిస్తుంది, లెక్క చూద్దాం: టైరు లోపల 10 లీటర్ల చోటుంటే 32 పీఎస్ఐ దగ్గర గాలి బరువు 37, 38 గ్రాములు, నైట్రోజన్ అయితే ఇంకో గ్రాము తక్కువ. దానికంటే మీ టైరు గాడిలో ఇరుక్కున్న రాయి బరువెక్కువ.

విమానాల్లో వాడతారు కదా అంటారు. అవును, కానీ కారణం వేరు. 1986 మార్చి 31న మెక్సికానా సంస్థ బోయింగ్ 727 విమానం కూలి 167 మంది చనిపోయారు. నైట్రోజన్ బదులు మామూలు గాలి నింపిన టైరు, బ్రేకు వేడికి గాల్లోనే పేలడం అందులో అసలు కారణం. ఆ మరుసటి ఏడు అమెరికా విమానయాన శాఖ పెద్ద విమానాల బ్రేకు చక్రాల్లో నైట్రోజనే ఉండాలని నిబంధన పెట్టింది, ఆక్సిజన్ 5 శాతం మించకూడదని. బ్రేకు వేడికి రబ్బరు నుంచి వాయువులు పుట్టి ఆక్సిజన్‌తో కలిసి మండే ప్రమాదం వాళ్లకుంది. బైక్‌కి ఆ స్థాయి వేడి రాదు.

సరే, అయినా నైట్రోజన్ కొట్టిద్దాం అనుకున్నారు. అప్పుడు పద్ధతిగా చేయించండి. టైరులో గాలి మొత్తం తీసేసినా లోపల బయటి పీడనమంత మామూలు గాలి ఉండనే ఉంటుంది. దానిమీద స్వచ్ఛమైన నైట్రోజన్ 32 పీఎస్ఐ దాకా కొడితే లోపల ఆక్సిజన్ 21 నుంచి 6.6 శాతానికి మాత్రమే తగ్గుతుంది. మళ్లీ మొత్తం వదిలేసి రెండోసారి నింపితే 2 శాతానికి వస్తుంది. అంటే ఒకసారి నింపితే సగం పనే, మొదటిది వదిలేసి రెండోసారి నింపాలి. ఉన్న గాలి తీయకుండా పైన 3 పీఎస్ఐ నైట్రోజన్ కలిపి, నైట్రోజన్ గుర్తుగా ఆకుపచ్చ మూత పెట్టి పంపిస్తే మీకు దక్కింది ఆ మూత ఒక్కటే. ఇంకో సంగతి, మిషన్ తీసే నైట్రోజన్ 95 శాతం స్వచ్ఛమైతే ఎన్నిసార్లు నింపినా 95 దాటదు, కాబట్టి మిషన్ మీద స్వచ్ఛత ఎంత చూపిస్తోందో చూడండి. ట్యూబ్‌లెస్ టైరుని మొత్తం ఖాళీ చేసేటప్పుడు బండి బరువు దానిమీద లేకుండా స్టాండు మీద ఉంచాలి, లేకపోతే బీడ్ ఊడి ఇంకో పని తగులుతుంది.

దారిలో గాలి తగ్గి నైట్రోజన్ దొరక్కపోతే మామూలు గాలి కొట్టేయండి. రెండూ కలిస్తే ఏమీ కాదు. నైట్రోజన్ కోసం వెతుక్కుంటూ తక్కువ గాలితో బండి నడపడమే తప్పు పని.

బ్యాలెన్సింగ్ ఎందుకు

ఏ టైరూ, ఏ రిమ్మూ చుట్టూ ఒకే బరువుతో ఉండదు. 17 అంగుళాల రిమ్ము అంచున 20 గ్రాములు ఒకవైపు ఎక్కువుంటే, 100 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకి దాదాపు 15 సార్లు తిరుగుతుంది, ఆ 20 గ్రాములు 3.8 కిలోల బరువంత బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది, పైకోసారి కిందికోసారి. అదే 50 వేగంలో 1 కిలో కూడా ఉండదు, వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. ఊళ్లో నడిపినప్పుడు తెలియనిది హైవే ఎక్కగానే హ్యాండిల్‌లో సన్నటి వణుకుగా తెలియడానికి కారణం ఇదే.

రెండు రకాల బ్యాలెన్స్ ఉంది. ఒకటి స్టాటిక్, బరువైన చోటు తనంతట కిందికి దిగుతుంది, దాన్ని ఎదురు బరువుతో సరిచేస్తాం. రెండోది డైనమిక్, బరువు కుడిపక్కన ఒకచోట, ఎడమపక్కన ఇంకోచోట ఉండి చక్రం పక్కలకి ఊగుతుంది, దీన్ని మిషన్ మీద తిప్పితేనే పట్టుకోగలం. బైక్ చక్రం సన్నం కాబట్టి స్టాటిక్ చాలావరకు సరిపోతుంది, బాగా వెడల్పైన వెనక టైరుకి మిషన్ దొరికితే మంచిదే. ఇంట్లో చేసుకోగలిగింది స్టాటిక్, అది ఇలా.

1. ప్యాడాక్ స్టాండు (చక్రం గాల్లో ఉండేలా బండిని ఎత్తి పట్టే స్టాండు) మీద బండి నిలబెట్టి చక్రం విప్పండి. యాక్సిల్‌కి అటూ ఇటూ ఉండే స్పేసర్లు ఏవి ఎటువైపో ముందు ఫోటో తీసుకోండి, రెండు వైపులా ఒకేలా ఉన్నట్టు కనిపిస్తాయి, ఉండవు. క్యాలిపర్ (డిస్క్‌ని నొక్కి పట్టే బ్రేకు భాగం) ఊడి ఉన్నప్పుడు బ్రేక్ లివర్ నొక్కితే పిస్టన్లు బయటికొస్తాయి, ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టండి. చక్రాన్ని డిస్క్ మీద పడుకోబెట్టొద్దు, డిస్క్ వైపు పైకి ఉండాలి. డిస్క్ విప్పక్కర్లేదు, అదీ చక్రంతోపాటు తిరిగేదే.

2. మట్టి కడిగి, గాడుల్లో రాళ్లు తీసి, పాత వెయిట్లన్నీ (బ్యాలెన్స్ కోసం రిమ్ముకి అంటించే చిన్న బరువులు) పీకేయండి. ప్రెజర్ సరిగ్గా కొట్టండి. రిమ్ము వంకరుందేమో ఇప్పుడే చూడాలి: తిప్పుతూ ఒక పుల్లని రిమ్ముకి దగ్గరగా పట్టుకుంటే తెలుస్తుంది. చాలా బండ్ల మాన్యువల్స్‌లో పైకీ కిందికీ గాని పక్కలకి గాని 2 మిల్లీమీటర్లు దాటకూడదని ఉంటుంది. వంకర రిమ్ముని వెయిట్లతో దారికి తేలేం. స్పోక్ చక్రమైతే ఒక్కో స్పోక్‌ని స్పానర్‌తో తట్టి వినండి, మిగతావి టింగుమంటుంటే ఒకటి డబ్బుమంటే అది వదులు, ముందు వాటి పని చూసి తర్వాత బ్యాలెన్స్.

3. బ్యాలెన్సింగ్ స్టాండు ఉంటే దాని కడ్డీ దూర్చి పెట్టండి. లేకపోతే ఒకే ఎత్తున్న రెండు గట్టి బల్లల మధ్య యాక్సిల్ ఆనించి, లెవెల్ చూసుకుని చేయొచ్చు, కానీ అప్పుడు చక్రం తన సొంత బేరింగుల మీద తిరుగుతుంది, ఆ బేరింగు సీళ్లు పట్టుకోవడంవల్ల చిన్న తేడాలు దొరకవు. ఫోర్కులో ఉండగానే క్యాలిపర్ తీసి చూస్తే ఇంకా ముతక ఫలితం వస్తుంది. నన్నడిగితే స్టాండే కొనండి, ఏళ్లతరబడి ఉంటుంది.

4. చక్రాన్ని మెల్లగా తిప్పి వదలండి. ఊగి ఊగి ఆగినప్పుడు కింద ఉన్నది బరువైన చోటు, సరిగ్గా దానికెదురుగా పైన టేపు ముక్క అంటించండి. ఒక్కసారి చూసి నమ్మకండి, ప్రతిసారీ వేరే చోటినుంచి వదిలి నాలుగైదుసార్లు చూడండి. ప్రతిసారీ అదే చోట ఆగితే దొరికినట్టే. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే చక్రం ఇప్పటికే బ్యాలెన్స్‌లో ఉంది, లేదా బేరింగు పట్టేస్తోంది.

5. టేపు గుర్తు దగ్గర 10 గ్రాముల వెయిట్‌ని టేపుతో తాత్కాలికంగా పెట్టండి. ఇప్పుడు ఆ వెయిట్ పక్కకి, యాక్సిల్ ఎత్తులో ఉండేలా తిప్పి వదలండి. వెయిట్ పైకి లేస్తే ఇంకా చాలదు, 5 గ్రాములు కలపండి. వెయిట్ కిందికి దిగితే ఎక్కువైంది, తగ్గించండి. ఈ పని చక్రం ఎక్కడ వదిలితే అక్కడే నిలబడేదాకా. 5 గ్రాముల లోపు తేడా మిగిలితే వదిలేయండి, దాన్ని రోడ్డు మీద ఎవరూ పట్టుకోలేరు.

6. రిమ్ముని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరాక వెయిట్లు అంటించండి, సగం కుడివైపు సగం ఎడమవైపు, లేదా రిమ్ము మధ్యలో చోటుంటే అక్కడే. తడి మీదా, నూనె మీదా అంటిస్తే వానాకాలం మొదటి రెండు వానలకే ఊడతాయి. స్పోక్ చక్రాలకి నిపిల్ దగ్గర నొక్కి బిగించే వెయిట్లు దొరుకుతాయి. అంటించాక మళ్లీ ఒకసారి స్టాండు మీద చూడండి, టేపు బరువు, చోటు అటూ ఇటూ జరగడం, ఇలాంటివి ఉంటాయి కదా.

చాలా టైర్ల మీద పసుపు చుక్క ఉంటుంది. అది టైరులో తేలికైన చోటు, దాన్ని సరిగ్గా వాల్వు దగ్గరే పెట్టి ఎక్కిస్తే వెయిట్లు తక్కువ పడతాయి, ఎందుకంటే రిమ్ములో వాల్వు దగ్గర సాధారణంగా బరువెక్కువ. చుక్క లేకపోతే పర్లేదు. 60 గ్రాములు దాటినా కుదరట్లేదంటే ఇంకా ఇంకా అంటించుకుంటూ పోకుండా, గాలి తీసి, టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. చాలాసార్లు అక్కడే సగానికి సగం తగ్గుతుంది.

టైరులో పంక్చర్ జెల్ పోసి ఉంటే బ్యాలెన్స్ సంగతి మర్చిపోండి. అది బండి నిలబడ్డప్పుడు అడుక్కి చేరుతుంది, బయల్దేరాక చెదురుతుంది, ప్రతిసారీ చక్రం బరువు కొత్తగా ఉంటుంది. లోపల గోళీల్లాంటి బ్యాలెన్సింగ్ పూసలు పోసే పద్ధతి కూడా ఉంది, బైక్‌కి నేనైతే వెయిట్లే వాడతాను, ఎక్కడ ఎంత ఉందో కంటికి కనిపిస్తుంది.

బిగించాక, వణుకు పోకపోతే

స్పేసర్లు ఫోటో చూసి పెట్టండి, యాక్సిల్ నట్టుని మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించండి. చక్రం చేత్తో తిప్పి వెయిట్ ఎక్కడా క్యాలిపర్‌కి తగలట్లేదని చూడండి. బండి కదిలించే ముందు బ్రేక్ లివర్ గట్టిపడేదాకా పంపు చేయాలి, ఇది చెయ్యకుండా వీధి మలుపు దాకా వెళ్తే బ్రేకు లేకుండా వెళ్లినట్టే. కొత్త టైరైతే మొదటి 150 కిలోమీటర్లు మెత్తగా నడపండి, పైపొర ఇంకా నున్నగానే ఉంటుంది.

బ్యాలెన్స్ చేశాక కూడా వణుకుతుంటే అది ఏ వేగంలో వస్తుందో గమనించండి. ఒక వేగం దగ్గర మొదలై, పెరిగి, దాటాక తగ్గితే బ్యాలెన్స్ మీదే ఇంకా అనుమానం. తక్కువ వేగంలోనే, చేతులు కొంచెం వదులు చేస్తే హ్యాండిల్ ఊగుతుంటే స్టీరింగ్ బేరింగు గాని, ముందు టైరు గాలి తక్కువవడం గాని, టైరు మెట్లుమెట్లుగా అరిగిపోవడం గాని చూడండి. చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కలకి ఊపితే టకటకమంటే వీల్ బేరింగు పోయింది. ఇవేవీ కాకపోతే వెయిట్లు ఉన్నచోటే ఉన్నాయా అని చూడండి: అంటించిన రోజే చాక్‌తోనో మార్కర్‌తోనో వాటి అంచు పక్కన రిమ్ము మీద గీత పెట్టుకుంటే, ఒకటి ఊడిపోయినా ఎక్కడిదో, ఎన్ని గ్రాములదో వెతుక్కోనక్కర్లేదు.